మూడు సిలిండర్ల రథానికి ముడుపు

రాజ్యాలు కూలబోయే ముందు ఆకాశంలో తోకచుక్క పొడుస్తుందనీ, పట్టపుటేనుగు కంట నీరు పెడుతుందనీ పూర్వులు శ్రద్ధగా రాసిపెట్టారు. చిక్కడపల్లి వాస్తవ్యులు, తర్కశాస్త్రంలో విశ్రాంత ఉపన్యాసకులు అయిన వేదుల సూర్యనారాయణమూర్తిగారి విషయంలో విధి అంత ఆర్భాటం చేయదలచుకోలేదు. వైశాఖంలో ఒక ఉదయం, కేంద్ర గ్రంథాలయం దాటి కొంచెం ముందుకు వెళ్ళాక, ఆయన కారు ఒకసారి దగ్గింది.

పెద్ద దగ్గేమీ కాదు. యాక్సిలరేటరు మీద పాదం ఆనించగానే ముందుకు దూకవలసిన బండి, దరఖాస్తు అందుకున్న సర్కారు గుమాస్తాలాగా ఒక్క క్షణం ఆలోచించి, ఒళ్ళు విదిల్చుకుని, ఆ తరువాత కదిలింది. వెనక సన్నగా నల్లటి పొగ లేచింది. పర్వతం మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని ఎలా ఊహించాలో నారాయణగూడలోని ఒక కళాశాలలో ముప్ఫై నాలుగేళ్ళపాటు బోధించిన మహానుభావుడు, అద్దంలో ఆ పొగను నిశితంగా పరిశీలించి, అది వెనకవస్తున్న ఆటోది అని నిర్ణయించారు.

ఆ కారు వయస్సు ఇరవై తొమ్మిదేళ్ళు. రంగు ఒకప్పుడు తెలుపు. లోపల మూడే సిలిండర్లు. సృష్టి స్థితి లయలకు మూడు చాలినప్పుడు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ పోయిరావడానికి నాలుగోది దండుగ అని మూర్తిగారి అభిప్రాయం. ఆయన ఏకైక పుత్రుడు ఫణికిరణ్ పుట్టిన యేడే అది కొన్నారు. పురిటి ఆసుపత్రి నుంచి పసివాడు మొదటిసారి ఇంటికి వచ్చింది అందులోనే. అప్పటినుంచి ఈ ఇంటి బిడ్డ ఈ కారులోనే ఇల్లు చేరాలన్నది వేదులవారి వంశంలో ఒక శాసనం. వంశానికి అంతకుముందు కారూ లేదు, శాసనమూ లేదు. అందుకే దీన్ని మరింత కఠినంగా అమలుచేస్తున్నారు.

ఆ శాసనానికి పరీక్షాకాలం శ్రావణంలో రానున్నది. కోడలు మహిత నిండు గర్భిణి. రక్తపోటు ఎక్కువగా ఉన్నందున రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ కట్టడి చేయడంతో పుట్టింటి పురుడు అనే ఆచారం ఆగిపోయింది. ఆపరేషన్ తప్పదన్నారు గనుక, రెండో శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు బిడ్డ పుట్టడం శ్రేయస్కరమని సిద్ధాంతిగారు తేల్చారు. డాక్టరమ్మ చిరునవ్వుతో ఒప్పుకున్నారు. ఆవిడ పెట్టిన షరతులు రెండే. మహితకు ఆందోళన కలగరాదు, బండి దారిలో ఎక్కడా ఆగిపోరాదు. ఆసుపత్రి నారాయణగూడ ఫ్లైఓవర్ దిగిన తరువాత ఉంది. పొద్దున ఏడింటికే కాలేజీ బస్సులన్నీ ఆ వంతెన మీద ఉంటాయి. వాటి చోదకులకు వెనక్కి తగ్గడం తెలియదు.

క్యాబ్ పిలుద్దామని ఫణికిరణ్ అన్నాడు. అతడు కంప్యూటర్ ఉద్యోగి, తేలికైన పరిష్కారాలకు అలవాటుపడినవాడు.

"క్యాబులో ఇంటికొచ్చిన పిల్ల క్యాబులాగే తయారవుతుందిరా. పిలిచినప్పుడు రాదు, వచ్చినప్పుడు మనం సిద్ధంగా ఉండం," అన్నారు మూర్తిగారు.

కొడుకు తల్లివైపు చూశాడు. ఆదిలక్ష్మిగారు కాఫీ గ్లాసు అందించారు. ఆవిడ కారును సమర్థించలేదు. కారును రక్షించే బాధ్యత మాత్రం అప్పటికే చేపట్టి ఉన్నారు.

ఆ రక్షణ చరిత్ర ఉగాదితో మొదలైంది. పండుగకు రెండు రోజుల ముందు నారాయణగూడ చౌరస్తాలో ఒక కాలేజీ బస్సు వీరి వెనక బంపరును ఒరుసుకుంటూ పోయింది. కారుకు సొట్ట పడింది, ఆవిడ మనస్సుకు అంతకంటే పెద్దది పడింది. కొత్త సంవత్సరం నాడు ఆవిడ ఎర్రదారానికి గుచ్చిన రాగి రక్షరేకు ఒకటి, బొటనవేలంత ఇత్తడి గంట ఒకటి తెచ్చి, అద్దానికి వేలాడదీయబోయారు. మూర్తిగారు అభ్యంతరం చెప్పారు. చోదకుని చూపుకు అడ్డంగా ఏదీ వేలాడరాదని నిబంధన. ఆయన నిబంధనలను ఉల్లంఘించని మనిషి. ఎర్రదీపం దగ్గర అర్ధగంటైనా ఆగుతారు, బండి నడుస్తుండగా ఫోన్ మోగితే అది యముడిదైనా ఎత్తరు. అద్దం కాదన్నాక ఆవిడ మరో కొక్కెం కోసం వెతికారు. స్టీరింగుకు ఎడమపక్క, డాష్‌బోర్డు కింది అంచున, దేవుడు ప్రత్యేకంగా అందుకే మొలిపించినట్టుగా ఒక నల్లటి బొడిపె కనబడింది. దానికి మెడ కూడా ఉంది. దారం చక్కగా కూర్చుంది.

ఆ బొడిపె పేరు చోక్ నాబ్. కార్బురేటరు ఉన్న పాత కార్లలో, చల్లబడిన ఇంజన్‌ను లేపడానికి దాన్ని బయటికి లాగుతారు. లాగితే లోపలికి పోయే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. నిద్రలేచిన ఇంజన్‌కు అది నైవేద్యం. వేడెక్కాక కూడా పెడుతూనే ఉంటే అజీర్ణం. ప్లగ్గులు మసిబారతాయి, మంట సరిగా అంటుకోదు, బండి దగ్గుతుంది, నల్లపొగ కక్కుతుంది, చివరికి గొంతుకడ్డంపడి ఆగిపోతుంది. ఈ కారులో నాబ్‌ను నిలబెట్టే పట్టు ఎప్పుడో అరిగిపోయింది. వదిలేస్తే లోపలి స్ప్రింగు దాన్ని తనవైపు లాక్కుంటుంది. బరువు వేలాడదీస్తే, రోడ్డు కుదుపు కుదుపుకూ, వెంట్రుకవాసి చొప్పున బయటికి జారుతుంది.

హైదరాబాదు వేసవిలో చోక్‌తో పనేమిటి? మూర్తిగారు ఆ బొడిపె ఉనికినే మరిచిపోయారు. మొదటి దగ్గు వినబడిన సాయంత్రం ఆదిలక్ష్మిగారు దిష్టి తగిలిందని గుర్తించి, నల్లగుడ్డలో గుప్పెడంత పటిక ముక్క కట్టి, గంట పక్కన తగిలించారు. మర్నాటి నుంచి దగ్గు రోజువారీ అయింది.

ఇక వైద్యుని పిలవక తప్పలేదు. అశోక్‌నగర్‌లో ఒక సందు చివర, రేకుల షెడ్డు కింద నలభై ఏళ్ళుగా పాత బండ్లకు ప్రాణం పోస్తున్న మాసయ్యకు ఒక ప్రసిద్ధి ఉంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. ఏ సిలిండరు అలిగిందో, ఏ బేరింగు ఏడుస్తోందో చెబుతాడు. ఈ ప్రాంతంలో గుండె డాక్టర్లకు కూడా అంత నమ్మకమైన పేరు లేదు.

మాసయ్య దగ్గరికి కారును పంపేముందు ఇంట్లో ఒక తంతు జరిగేది. షెడ్డులో బానెట్ల మీద మాంసం కూర టిఫిన్ డబ్బాలు పెట్టుకుని తింటారని ఆదిలక్ష్మిగారు ఒకసారి కళ్ళారా చూశారు. అందువల్ల ఆవిడ తలస్నానం చేసి, రక్షరేకు, గంట, పటిక అన్నిటినీ బొడిపె మెడ నుంచి విప్పి, ఇత్తడి పళ్ళెంలో పూజగదికి చేర్చేవారు. బండి తిరిగివచ్చాక పసుపునీళ్ళు చల్లి, యథాస్థానంలో కట్టేవారు. విప్పిన మరుక్షణం స్ప్రింగు నాబ్‌ను లోపలికి లాక్కునేది. మూర్తిగారు చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా పట్టుపరుపు మీద జారినట్టు వెళ్ళేవారు. మాసయ్య ముందు కారు బుద్ధిమంతుడైన విద్యార్థిలా చేతులు కట్టుకుని నిలబడేది.

మొదటిసారి అతడు స్క్రూడ్రైవరు చెవికి పెట్టి విన్నాడు. మూడు సిలిండర్లూ శ్రుతిలో ఉన్నాయి. ఒక్కొక్క ప్లగ్గు వైరు పీకి చూశాడు. పీకినప్పుడల్లా ఇంజన్ న్యాయంగా తడబడింది, పెట్టగానే కుదుటపడింది. అయితే ప్లగ్గులు విప్పినప్పుడు మూడూ కాటుక భరిణెల్లా ఉన్నాయి. పెట్రోలు ఎక్కువ తాగుతోందని చెప్పి, ప్లగ్గులు మార్చి, కార్బురేటరు కడిగి పంపాడు. నాలుగు రోజులు తిరక్కుండానే నల్లటి ప్లగ్గులతో బండి మళ్ళీ వచ్చింది. రెండోసారి డిస్ట్రిబ్యూటరు మూత, వైర్లు మార్చాడు. మూడోసారి కంప్రెషన్ చూసి, పెట్రోలు పంపు విప్పి, ఫిల్టరు మార్చి, అన్నీ బిగించి, బయటికి వచ్చి ఒక బీడీ వెలిగించుకుని, ఆర్పేసి, మూర్తిగారిని అడగవలసిన ప్రశ్న అడిగాడు.

"సార్, చోక్ గిట్ల గుంజుతున్నరా మీరు?"

"పదేళ్ళయింది మాసయ్యా, నేను దాన్ని ముట్టుకుని."

ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మనుషుల్ని ముంచే వాక్యాలు సాధారణంగా అటువంటివే. మాసయ్య అయినా నాబ్‌ను పట్టుకుని ఒకసారి లాగి వదిలాడు. అది బుద్ధిగా లోపలికి పోయింది. వేళ్ళకు ఏదో పచ్చగా అంటింది. పాంటుకు తుడుచుకున్నాడు. మూర్తిగారి మాట మీద అతడికి గౌరవం ఎక్కువ.

మూర్తిగారు సైతం ఊరికే కూర్చోలేదు. శాస్త్రం చదివినవాడు పరీక్ష లేనిదే నమ్మరాదు గనుక ఒక నోటుపుస్తకంలో పట్టిక గీశారు. బండి దగ్గిన ప్రతిసారీ వారం, తిథి, వేళ, ఎండావానలు, దిక్కు, వేగం, గేరు, రోడ్డు ఎత్తుపల్లాలు, కూర్చున్న మనుషులు, పెట్రోలు పోయించిన చోటు, తన పాదరక్షల రకం, ఇలా పదకొండు గడులు. కారణం ఉన్నచోట కార్యం ఉండాలి, కారణం లేనిచోట కార్యం ఉండరాదు. ఈ సూత్రాన్ని ఆయన వేలమందికి వల్లె వేయించారు. రెండున్నర నెలల పట్టిక నుంచి ఆయన సాధించిన సిద్ధాంతం ఇది: కారు అశోక్‌నగర్ వైపు ఎన్నడూ దగ్గదు, మిగిలిన అన్ని దిక్కులకూ దగ్గుతుంది, నారాయణగూడ ఫ్లైఓవర్ ఎత్తు మీద మరీ ఎక్కువ. కనుక దోషం దిక్కుది. పట్టికలో రక్షరేకులకు గడి లేదు. అవి రక్షణ కదా, రోగంలో వాటి ప్రసక్తి ఎందుకు?

ఆషాఢం చివరి వారం ఫ్లైఓవర్ మీద ఇంజన్ పూర్తిగా ఆగింది. మూర్తిగారు ఒక్కరే ఉన్నారు. రెండు నిమిషాలు. వెనక వాహనాల హారన్లు కలిసి ఒకే అరుపయ్యాయి. తిరిగి స్టార్టయ్యాక ఆ సంగతిని ఆయన పట్టికలో ఎక్కించలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

ప్రసవానికి మూడు రోజుల ముందు మాసయ్య నాలుగోసారి మొత్తం చూశాడు. ఆదిలక్ష్మిగారు కూడా వెంట వెళ్ళి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. అతడు బండిని ఇందిరా పార్కు దాకా తీసుకుపోయి, చుట్టు తిరిగి వచ్చి, తాళాలు మూర్తిగారి చేతిలో పెట్టాడు. ముఖంలో ఓటమి ఉంది. నలభై ఏళ్ళ చెవి మొదటిసారి అతన్ని మోసం చేసింది. ఆ చిన్నతనాన్ని కప్పుకోవడానికి ఒక హాస్యమాడాడు.

"నా కాడికొస్తే మంచిగుంటది, మీ కాడికి పోతే దగ్గుతది. బండికి ఏం రోగం లేదమ్మా. మీ ఇంటికే ఏదో పట్టింది."

నవ్వవలసిన చోట ఎవరూ నవ్వలేదు. ఆదిలక్ష్మిగారు నెమ్మదిగా కొంగు దించారు. ఇన్నాళ్ళకు ఒక నిజం చెప్పిన మనిషి దొరికాడన్నట్టు మాసయ్యను చూశారు. ఆ సాయంత్రమే పసుపుబట్టలో నిండు కొబ్బరికాయ, పసుపుకొమ్ములు, పదకొండు రూపాయి బిళ్ళలు పెట్టి ముడుపు కట్టారు. తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరితే కొండకు వచ్చి విప్పుతానని, అంతవరకు అది బండిని వీడదని మొక్కుకున్నారు. ముడుపును రెండు చేతులతో మోసుకువచ్చి, గంటా పటికా రక్షరేకూ ఉన్న ఆ చిన్న నల్లటి మెడకే వేలాడదీశారు. మెడ ఏమీ అనలేదు.

శుక్రవారం ఉదయం సన్నగా వాన. ఫణికిరణ్ కాగితాల ఫైలుతో ముందుగా మోటారుసైకిలు మీద వెళ్ళిపోయాడు. సీటు వెనక్కి జరిపి కాళ్ళు చాచుకునే వీలుందని మహిత ముందు కూర్చుంది. అత్తగారు సంచులతో వెనక. వీధి మలుపు తిరగకముందే ఇంజన్ దగ్గింది. గంట మోగింది. ఇన్ని నెలల్లో ఇంట్లో అందరికీ ఒక అలవాటయింది, బండి కుదిపినప్పుడల్లా ఆ గంట టింగుమంటుంది, టింగుమన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఊపిరి బిగబడతారు.

చౌరస్తా దగ్గర కారు మూడుసార్లు తడబడింది. ముడుపు ఊగి ఊగి మహిత మోకాలిని కొడుతోంది. ఫ్లైఓవర్ ఎత్తు మొదలైంది. అద్దంలో ఒక బస్సు ముఖం కనబడింది, పసుపుపచ్చగా, చాలా దగ్గరగా. మూర్తిగారు రెండో గేరులోకి దించి తొక్కారు. కారు ముందుకు పోవడానికి బదులు మునిగినట్టయింది. పెట్రోలు వాసన గుప్పున లోపలికి వచ్చింది. మహిత కడుపు మీద చెయ్యి వేసుకుంది. మోకాలికి తగిలే ముడుపు నొప్పి పుట్టిస్తోందని, మరేమీ ఆలోచించకుండా, రెండో చేత్తో దాన్ని ఎత్తి ఒడిలో పెట్టుకుంది.

బరువు తొలగింది. స్ప్రింగు తన పని తాను చేసుకుంది. నాలుగు గజాలు పోయేసరికి ఇంజన్ గొంతు సవరించుకుని, ఒక్క గుక్కెడు పొగ కక్కి, యువకుడిలా ఎత్తు ఎక్కింది. ఏడూ నలభైకి ఆసుపత్రి మెట్ల ముందు ఆగింది. ఎనిమిదీ ఇరవైకి, గ్రహాలన్నీ తమ తమ స్థానాల్లో సర్దుకుని చూస్తుండగా, ఆడపిల్ల పుట్టింది.

ఇంత స్పష్టమైన నిదర్శనం కళ్ళముందు జరిగాక ఎవరు మాత్రం సందేహిస్తారు? ముడుపు ఒడిలోకి రాగానే కారు నడిచింది. ఆదిలక్ష్మిగారు ఈ కథను ఆసుపత్రి వరండాలో ఆయాలకు, నర్సులకు, పక్కగది వారికి చెప్పారు. మంగళవారం సాయంత్రం మూర్తిగారు నడుచుకుంటూ అశోక్‌నగర్ వెళ్ళి, మాసయ్యకు మిఠాయి ఇచ్చి, కొంచెం సిగ్గుపడుతూనైనా, అదే కథ చెప్పారు. శాస్త్రానికి అందనివి కొన్ని ఉంటాయని కూడా అన్నారు. మాసయ్య లడ్డూ సగం తిని, మంచిదే సార్ అని, మిగతా సగం తినడం మరిచిపోయి కూర్చున్నాడు.

మంగళవారం బిడ్డను కదల్చరాదు గనుక ఇంటికి తేవడం బుధవారం. ఆ ఉదయం ఆదిలక్ష్మిగారు కృతజ్ఞతగా రెండో ముడుపు కట్టారు. మొదటిదాన్ని మొక్కు తీరేదాకా విప్పరాదు. రెండోది లేకుండా బిడ్డను ఎలా తెస్తారు? మూర్తిగారు ఆసుపత్రికి వెళ్ళేదారిలో బండి ఐదుసార్లు దగ్గింది. అది మరీ ఎక్కువ కాదని ఆయన తనకు తాను చెప్పుకున్నారు.

తిరుగు ప్రయాణంలో వాన పెద్దదైంది. కుట్లు పచ్చిగా ఉన్నందువల్ల మహితకు మళ్ళీ ముందు సీటే, అత్తగారికి వెనకదే. తెల్లటి పాతగుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు ఆమె చేతుల్లో ఉంది. ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి నడుము కింద. ముడుపులు రెండూ ఆమె మోకాళ్ళ ముందు ఊగుతున్నాయి. ఆమె వాటివైపు ఒకసారి చూసింది. చేతులు ఖాళీ లేవు.

సరిగ్గా అదే వేళకు అశోక్‌నగర్‌లో మాసయ్య ముందుకు మరో పాత బండి వచ్చింది, ఇదే రకం, చోక్ వైరు తెగిపోయి. కొత్త వైరు ఎక్కించి నాబ్ పట్టుకుని లాగినప్పుడు, అతని వేలు బొడిపె మెడ మీది గాడిలో పడింది. ఆ గాడి శుభ్రంగా ఉంది. అతడు తన వేళ్ళను చూసుకున్నాడు. ఆ రోజు మూర్తిగారి బండి నాబ్ దగ్గర అంటినది పసుపు. గ్రీజు పచ్చగా ఉండదు. నాబ్‌కు పసుపు ఎందుకుంటుంది? నిన్న సార్ చెప్పిన ముడుపు కారులో మరెక్కడ కట్టి ఉంటారు? మాసయ్య చేతులు తుడుచుకోకుండానే ఫోన్ తీశాడు.

ఫ్లైఓవర్ ఎత్తు మొదట్లో మూర్తిగారి జేబులో ఫోన్ మోగింది. ఆయన ఎత్తలేదు. గంట టింగుమంది. ఫోన్ ఆగి మళ్ళీ మోగింది.

"ఎవరో అవసరంగా చేస్తున్నారు మామయ్యగారూ," అంది మహిత.

బండి నడుస్తుండగా ఎత్తరాదని ఆయన మెల్లగా చెప్పారు. వైపర్లు నీటిని అటూ ఇటూ తోస్తున్నాయి. గంట వరసగా మోగుతోంది. ఇప్పుడది దగ్గు కాదు, ఎక్కిళ్ళు. అద్దంలో పసుపుపచ్చటి బస్సు ముఖం వానలో కరిగి, మళ్ళీ కుదురుకుని, పెద్దదవుతోంది. వంతెన నడినెత్తికి ఇంకా పది గజాలు ఉండగా పెట్రోలు వాసన లోపల నిండింది. పసిపాప తుమ్మింది. ఆ తుమ్ముకు జవాబన్నట్టు ఇంజన్ ఒక్కసారి ఒళ్ళంతా కుదిపి, మౌనం వహించింది.

బ్రేకుల అరుపు చాలాసేపు వినిపించింది. ఎంత సేపు అంటే, ఆ శబ్దం ముగిశాక ఏముంటుందో కారులో ఉన్న ముగ్గురు పెద్దలూ వేరువేరుగా ఊహించుకునేంత సేపు. మహిత బిడ్డ మీదికి పూర్తిగా వంగిపోయింది. కారు వెనకభాగం ఒకసారి చిన్నగా కదిలింది, ఎవరో చేత్తో తోసినట్టు. ఆ తరువాత వాన చప్పుడు ఒక్కటే.

ఫోన్ మూడోసారి మోగింది. బండి నడవడం లేదు. నిబంధన ఇప్పుడు అడ్డురాదు. మూర్తిగారు ఫోన్ ఎత్తారు.

"సార్, చోక్ నాబ్‌కు ఏమన్న కట్టిండ్రా?"

మూర్తిగారు తల తిప్పి, పదేళ్ళ తరువాత, ఆ బొడిపెను చూశారు. అది డాష్‌బోర్డు నుంచి రెండంగుళాలు బయటికి వచ్చి ఉంది. దాని మెడకు రక్షరేకు, గంట, పటిక, ముడుపు, ముడుపు. పదకొండు గడుల పట్టిక మొత్తం ఆయన కళ్ళముందు ఒకసారి తిరిగి, తల దించుకుంది.

"కట్టాం," అన్నారు.

"అన్ని తీసెయ్యుండ్రి. తీసి అమ్మ ఒళ్ళో పెట్టుండ్రి. యాక్సిలరేటర్ కిందికంట తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టుండ్రి. జర ఆగి అందుకుంటది. పరేషాన్ గావొద్దు."

ఆయన దారాలు విప్పబోయారు. ముడులు బిగుసుకుపోయి ఉన్నాయి. మొక్కు తీరకుండా విప్పరాదని వెనక సీటు నుంచి ఆదిలక్ష్మిగారు అనలేదు. ఆవిడ ముందుకు వంగి, దారం తెంచకుండా, బొడిపె మెడ నుంచి అన్నిటినీ ఒక్కసారే పైకి తప్పించి, తన ఒడిలోకి తీసుకున్నారు. నల్లటి నాబ్ చిన్న శబ్దంతో లోపలికి పోయింది. సెల్ఫ్ మూడుసార్లు మూలిగింది. నాలుగోసారి ఇంజన్ అందుకుని, వెనక నల్లటి మేఘం వదిలి, నిలబడింది. శ్రుతి తప్పలేదు.

ఆదిలక్ష్మిగారు ముడుపులను గుండెకు హత్తుకున్నారు.

"కట్టి ఉంచకూడదు, పట్టుకుని కూర్చోవాలని శుక్రవారమే సూచన ఇచ్చాడండీ స్వామి. నాకే తట్టలేదు."

మూర్తిగారు ఆ మాటను తూచి చూశారు. ఆవిడ చెప్పిన హేతువు తప్పు. చెప్పిన విధానం ముమ్మాటికీ ఒప్పు. ముప్ఫై నాలుగేళ్ళ బోధనలో ఇటువంటి ప్రశ్న పరీక్షలో ఎన్నడూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆవిడకు ఎన్ని మార్కులు వేయాలో ఆయనకు తెలియదు. తనకు ఎన్నో మాత్రం తెలుసు.

మహిత మెల్లగా తల ఎత్తింది. బిడ్డ నిద్రపోతోంది.

ఆయన మొదటి గేరు వేసి, అలవాటు ప్రకారం అద్దంలోకి చూశారు. అద్దమంతా పసుపుపచ్చగా ఉంది. బస్సు చోదకుడి ముఖం కనబడలేదు. అంత దూరం లేదు. కనబడింది ముందు బంపరు, దానికి నల్లదారంతో కట్టిన ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు. ఉగాది ముందు పడిన సొట్టకు సరిగ్గా పైన, కారు డిక్కీకి ఆనుకుని, ఆ దండ ఇంకా ఊగుతోంది.

ఆయన క్లచ్ వదిలారు. కారు కదిలింది. అద్దంలో నిమ్మకాయ కూడా, బస్సును వెంటబెట్టుకుని, కదిలింది.